రైట్ క్లిక్ ఏ ఫైలుకి? – నా ఫైల్ మేనేజర్ ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

ఫైళ్ల జాబితా తెర మీదకు వచ్చింది. ఫోల్డర్లలోకి వెళ్లి రావడం, పేరు ప్రకారం, తేదీ ప్రకారం సర్దడం పనిచేస్తున్నాయి. లినక్స్‌లో నా కోసం నేను రాసుకుంటున్న చిన్న ఫైల్ మేనేజర్ ఇది. పైథాన్‌లో, పైసైడ్ 6 మీద నడుస్తుంది. కిటికీలు, జాబితాలు, మెనూలు తెర మీద చూపించే క్యూటీ అనే లైబ్రరీని పైథాన్ నుంచి వాడుకునే దారి పైసైడ్. ఇవాళ్టి నుంచి రైట్ క్లిక్ మెనూ పని. నిజం చెప్పాలంటే ఈ ప్రాజెక్టు మొదలుపెట్టిందే దీని కోసం.

కొన్నాళ్ల క్రితం నాన్నగారి పాత ఉత్తరాలు స్కాన్ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాను. అప్పుడు వాడుతున్న ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్ పట్టుకుని రెండు స్కాన్లు సెలెక్ట్ చేశాను. తర్వాత చాలా కిందికి స్క్రోల్ చేస్తే మసగ్గా వచ్చిన స్కాన్ ఒకటి కనిపించింది. దీన్ని తీసేద్దామని రైట్ క్లిక్ చేసి, శాశ్వతంగా తొలగించు అన్నాను. కంట్రోల్ మీద నుంచి వేలు తీయలేదన్న సంగతి నాకు తెలియదు. మసక స్కాన్ అక్కడే ఉంది. పైన, కంటికి కనపడని చోట ఉన్న రెండు మంచి స్కాన్లు పోయాయి. ఉత్తరాలు ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి మళ్లీ స్కాన్ చేసుకున్నాను. ఆ రెండు నిమిషాల టెన్షన్ మాత్రం ఇంకా గుర్తుంది.

పాయింటర్ ఒక ఫైలు మీద ఉంది, మెనూ దాని పక్కనే తెరుచుకుంది, పని మాత్రం వేరే ఫైళ్ల మీద జరిగింది. నా మెనూలో ఇది ఎప్పటికీ జరగకూడదు. మెనూ దేనికి వర్తిస్తుందో, అందులో ఏదైనా నొక్కకముందే చూసేవాళ్లకు తెలిసిపోవాలి. కాగితం మీద ఈ ఒక్క మాటే రాసుకుని గోడకు అంటించాను.

రెండో రోజు

ఎక్కువ ఫైల్ మేనేజర్లు పాటించే పద్ధతి మూడు ముక్కల్లో చెప్పొచ్చు. సెలెక్ట్ కాని ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే పాత సెలెక్షన్ పోయి ఆ ఫైలు ఒక్కటే సెలెక్ట్ అవుతుంది. ఇప్పటికే సెలెక్ట్ అయిన గుంపులోని ఫైలు మీద చేస్తే గుంపు మొత్తం అలాగే ఉండి మెనూ అన్నిటికీ వర్తిస్తుంది. ఖాళీ జాగాలో చేస్తే సెలెక్షన్ అంతా పోయి, మనం ఉన్న ఫోల్డర్‌కు సంబంధించిన మెనూ వస్తుంది.

మ్యాక్‌ఓఎస్‌లో జాబితాలు చూపించే ఎన్‌ఎస్‌టేబుల్‌వ్యూ దారి వేరు. అక్కడ క్లిక్ పడిన వరుస, సెలెక్ట్ అయిన వరుసలు వేరువేరు లెక్కలు. సెలెక్షన్‌ను కదపకుండా, క్లిక్ పడిన వరుస చుట్టూ ఒక గీత గీసి, మెనూ దీనికే అని చూపిస్తుంది. సెలెక్షన్ పోగొట్టుకోనక్కర్లేదు కాబట్టి ఆ పద్ధతి నాకు నచ్చింది. అయితే లినక్స్‌లో, విండోస్‌లో చేయి తిరిగినవాళ్లకు ఆ గీత అర్థం కాక తికమక పడతారేమోనని మొదటి పద్ధతికే కట్టుబడ్డాను.

ఇక క్యూటీ తనంతట తాను ఏం చేస్తుందో చూశాను. ఒకేసారి చాలా ఫైళ్లు సెలెక్ట్ చేసుకునే ఎక్స్‌టెండెడ్ సెలెక్షన్ మోడ్ పెట్టి, సెలెక్షన్ మారినప్పుడల్లా టెర్మినల్‌లో ప్రింట్ అయ్యేలా రెండు లైన్లు రాశాను. మొదటి రెండు సందర్భాలూ సరిగ్గానే ఉన్నాయి. ఖాళీ జాగాలో రైట్ బటన్ నొక్కితే మాత్రం మెనూ తెరుచుకునే సమయానికి పాత సెలెక్షన్ ఇంకా అలాగే ఉంది. అంటే ఫోల్డర్ మెనూ తెర మీద ఉంటుంది, వెనక ఐదు ఫైళ్లు సెలెక్ట్ అయ్యే ఉంటాయి. ఎస్కేప్ కొట్టి మెనూ మూసేసి, పొరపాటున డిలీట్ కీ నొక్కితే ఆ ఐదూ ట్రాష్‌లోకి పోతాయి.

కంట్రోల్ పట్టుకుని రైట్ క్లిక్ చేసి చూస్తే ఇంకా గట్టిగా తగిలింది. సెలెక్షన్ ఏమీ మారలేదు. అదే సమయంలో కీబోర్డు ఎక్కడుందో చూపించే సన్నటి చుక్కల చట్రం మాత్రం పాయింటర్ కింద ఉన్న ఫైలుకి మారింది. నా స్కాన్లు పోయిన రోజు నేను చూసింది ఆ చట్రాన్నే అనుకుంటున్నాను. ఈ ఫైలే సెలెక్ట్ అయిందని కన్ను నమ్మేసింది.

బాగుచేయడానికి, మౌస్ బటన్ నొక్కగానే క్యూటీ పిలిచే మౌస్‌ప్రెస్‌ఈవెంట్ అనే ఫంక్షన్‌ను నా క్లాస్‌లో మళ్లీ రాశాను. రైట్ బటన్ అయితే ముందు నా లెక్క నడుస్తుంది. ఖాళీ జాగా అయితే సెలెక్షన్ తీసేయాలి. సెలెక్ట్ కాని ఫైలు అయితే కంట్రోల్, షిఫ్ట్ ఏవి పట్టుకున్నా సరే అది ఒక్కటే మిగలాలి. సెలెక్ట్ అయినదైతే ముట్టుకోకూడదు. కంట్రోల్ పట్టుకుంటే ఆ ఫైలును గుంపులో కలపాలా, లేక గుంపును వదిలేయాలా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. వదిలేయడమే మేలనిపించింది. సెలెక్షన్ పోతే మళ్లీ చేసుకోవచ్చు, ఫైలు పోతే అంత తేలిక కాదు.

నాలుగో రోజు

అక్క ల్యాప్‌టాప్‌లో వేసి ఇచ్చాను. ఐదు నిమిషాలకే పిలిచింది.

"ఒరేయ్, నేను ఏమీ నొక్కలేదురా, ఫైలు దానంతట అదే తెరుచుకుంటోంది."

పక్కన కూర్చుని ఆమె వేలినే చూశాను. టచ్‌ప్యాడ్ కుడి మూల గట్టిగా నొక్కుతుంది. నొక్కి ఉంచినంతసేపూ వేలు కాస్త జారుతుంది, పాయింటర్ పక్కకు జరుగుతుంది. లినక్స్‌లో క్యూటీ మామూలుగా బటన్ నొక్కగానే మెనూ తెరుస్తుంది. బటన్ పట్టి ఉండగా పాయింటర్ మెనూలోకి జరిగితే, వదిలినప్పుడు దాని కింద ఏ వరుస ఉంటే అది ఎంచుకున్నట్టు లెక్క. చిన్న చిన్న కదలికలను పట్టించుకోకుండా క్యూటీలో ఒక హద్దు ఉంది గానీ, వేలు జారడం ఆ హద్దు దాటిపోతోంది. దానికి తోడు, చేయి దూరం వెళ్లక్కర్లేకుండా మొదటి వరుస పాయింటర్ కిందికే వచ్చేలా మెనూను నాలుగు పిక్సెళ్లు పైకి జరిపింది నేనే. ఆ మొదటి వరుస 'తెరువు'. తప్పు నాదే, ఆ జరపడం తీసేశాను.

అసలు ప్రశ్న వేరే ఉంది: నొక్కినప్పుడు తెరవాలా, వదిలినప్పుడా? విండోస్‌లో వదిలినప్పుడే తెరుచుకుంటుంది. అక్కడ రైట్ బటన్‌తో ఫైలును లాగి ఇంకో ఫోల్డర్‌లో వదిలితే ఇక్కడికి కాపీ చేయాలా, తరలించాలా, షార్ట్‌కట్ పెట్టాలా అని అడుగుతుంది. నొక్కగానే మెనూ వచ్చేస్తే ఆ లాగడానికి చోటే ఉండదు. లినక్స్‌లోను మ్యాక్‌లోను నొక్కగానే వస్తుంది, దానికీ ఒక లాభం ఉంది. నొక్కి, పట్టుకునే కిందికి లాగి, కావలసిన వరుస మీద వదిలేస్తే ఒకే ఊపులో పని అయిపోతుంది. అలవాటైన వాళ్ల చేతుల్లో అది చూడముచ్చటగా ఉంటుంది.

క్యూటీ 6.8 నుంచి స్టైల్ హింట్స్‌లో కాంటెక్స్ట్ మెనూ ట్రిగ్గర్ అని ఒక సెట్టింగ్ వచ్చింది. దాన్ని రిలీజ్ అని పెడితే అన్ని చోట్లా వదిలినప్పుడే మెనూ వస్తుంది. నా ప్రోగ్రామ్‌లో అదే పెట్టాను. ఒకే ఊపు అలవాటున్న వాళ్ల కోసం పాత పద్ధతికి మార్చుకునే టిక్కు ఒకటి సెట్టింగ్స్‌లో ఉంచాను.

ఐదో రోజు

నిన్నటి మార్పుతో కొత్త బగ్. ఒక ఫైలు మీద నొక్కి, వేలు జారి, కింది ఫైలు మీద వదిలితే మెనూ కింది ఫైలుకి వస్తోంది. హైలైట్ మాత్రం పై ఫైలు మీదే ఉంది. ఏ తప్పును తప్పించుకోవాలని ఈ పని మొదలుపెట్టానో సరిగ్గా అదే.

కారణం వెతకడానికి ఎక్కువ సమయం పట్టలేదు. సెలెక్షన్ నొక్కినప్పుడు జరుగుతోంది. మెనూ సంకేతంతో వచ్చే స్థానం వదిలిన చోటుది. నా కోడ్ ఆ స్థానాన్ని ఇండెక్స్‌ఎట్‌కు ఇచ్చి, అక్కడ ఏ ఫైలుందని అడుగుతోంది. ఒకే ప్రశ్నకు రెండు వేర్వేరు క్షణాల్లో రెండు జవాబులు వస్తున్నాయి.

ఇప్పుడు మెనూ తయారుచేసే ఫంక్షన్‌కు స్థానమే పంపడం లేదు. దానికి తెలిసింది సెలెక్షన్ ఒక్కటే. హైలైట్ ఎక్కడుందో మెనూ అక్కడిదే. స్థానం మెనూను తెర మీద ఎక్కడ వేయాలో తేల్చడానికి మాత్రమే. అక్కడ కూడా ఒకసారి తడబడ్డాను. వచ్చే స్థానం వ్యూపోర్ట్ కొలతల్లో, అంటే జాబితా పెట్టె (వ్యూ) లోపల వరుసలు కనిపించే భాగం లెక్కన ఉంటుంది. దాన్ని మొత్తం తెర లెక్కలోకి మార్చడానికి వ్యూపోర్ట్ తాలూకు మ్యాప్‌టుగ్లోబల్ కాకుండా వ్యూ మీద మ్యాప్‌టుగ్లోబల్ పిలిస్తే, పైన కాలమ్ పేర్ల పట్టీ ఎంత ఎత్తుందో అంత మేర మెనూ పైకి వస్తుంది. మెనూ ఒక వరుస పైన తెరుచుకుంటే, పై ఫైలుకి వచ్చిందనే అనిపిస్తుంది.

ఎనిమిదో రోజు

ఈ మూడు రోజులూ ఒకే సమస్య మీద పోయాయి. ఫోల్డర్ నిండా ఫైళ్లుంటే ఖాళీ జాగా ఏది?

ఐకాన్ల వ్యూలో బొమ్మల మధ్య సందులుంటాయి. వరుసల వ్యూలో అవి ఉండవు. వరుస ఈ చివర నుంచి ఆ చివర దాకా ఫైలుదే. వరుసలు చూపించే క్యూటీ క్లాస్ క్యూట్రీవ్యూలో, పరిమాణం కాలమ్‌లో ఏమీ రాయని చోట నొక్కినా ఇండెక్స్‌ఎట్ ఆ వరుసనే ఇస్తుంది. నాలుగు వందల ఫైళ్లున్న ఫోల్డర్‌లో పేస్ట్ చేయడానికో, కొత్త ఫోల్డర్ పెట్టుకోవడానికో రైట్ క్లిక్ చేద్దామంటే ఎక్కడ నొక్కినా ఏదో ఒక ఫైలు మెనూనే వస్తుంది. కీబోర్డు షార్ట్‌కట్లు తెలిసినవాళ్లకు ఇబ్బంది లేదు. అక్క లాంటివాళ్లు ఫోల్డర్ బయటకు వచ్చి, దాని మీద రైట్ క్లిక్ చేసి, పేస్ట్ చేసి, మళ్లీ లోపలికి వెళ్తారు. ఆమె ఏళ్ల తరబడి అలాగే చేస్తోందని నాకు ఇప్పుడే తెలిసింది. ఇదే మామూలు పద్ధతి అనుకుందట.

మొదటి ప్రయత్నం: బొమ్మ, పేరు అక్షరాలు ఉన్నంత మేరే ఫైలు, వరుసలో మిగతాదంతా ఖాళీ జాగా. పేరు ఎంత వెడల్పో ఫాంట్ మెట్రిక్స్‌తో కొలిచి ఆ హద్దు పెట్టాను. ఒక పూట వాడాక నాకే తేడా కొట్టింది. సెలెక్ట్ చేసిన వరుస మొత్తం నీలంగా మారుతుంది. ఆ నీలం మీదే తేదీ కాలమ్ దగ్గర రైట్ క్లిక్ చేస్తే సెలెక్షన్ ఎగిరిపోయి ఫోల్డర్ మెనూ వస్తుంది. నీలమంతా ఫైలే అని కన్ను చెబుతుంటే ప్రోగ్రామ్ కాదంటోంది.

రెండో ప్రయత్నం: సెలెక్ట్ అయిన వరుసైతే మొత్తం ఫైలే, కాని వరుసైతే పేరు వరకే ఫైలు. కన్ను చెప్పేదానికి ఇది దగ్గరగానే ఉంది. కానీ ఒకే చోట రెండుసార్లు నొక్కితే రెండు రకాల మెనూలు వచ్చే వీలుంది. ఎందుకో చెప్పమంటే మూడు వాక్యాలు కావాలి. అంత వివరణ అడిగే మెనూ వద్దనుకున్నాను. నీలాన్ని పేరు వరకే కుదించడం ఇంకో దారి. వెడల్పాటి తెర మీద ఒక పేరుకి ఎదురుగా ఎంత పరిమాణం ఉందో చూసుకోవడానికి ఆ పొడుగు పట్టీయే ఆసరా. అందుకని దాన్నీ వదిలేశాను.

చివరికి వరుస మొత్తం ఫైలుదే అని ఒప్పుకుని, ఖాళీ జాగాను నేనే కల్పించాను. జాబితా చివరి ఫైలు తర్వాత ఒకటిన్నర వరుస ఎత్తు చోటు ఎప్పుడూ ఉంటుంది, ఎన్ని వేల ఫైళ్లున్నా సరే. ఇందుకు అప్‌డేట్‌జామెట్రీస్ అనే ఫంక్షన్‌ను మళ్లీ రాసి, నిలువు స్క్రోల్‌బార్ గరిష్ఠ విలువకు ఆ ఎత్తు కలిపాను. స్క్రోల్ పిక్సెళ్ల లెక్కన జరిగేలా పెడితేనే ఇది కుదురుతుంది, వరుసల లెక్కన అయితే కొలత తప్పుతుంది. కిందిదాకా వెళ్లడం దూరమనుకునే వాళ్ల కోసం, పైన దారి చూపించే పట్టీలో ఇప్పుడున్న ఫోల్డర్ పేరు మీద రైట్ క్లిక్ చేసినా అదే ఫోల్డర్ మెనూ వస్తుంది. పేరు మీద నొక్కారు, ఆ పేరుగల ఫోల్డర్ మెనూ వచ్చింది. దీనికి వివరణ అక్కర్లేదు.

పదో రోజు

కీబోర్డు. ఇది త్వరగానే అయింది. మెనూ కీ, అది లేని కీబోర్డుల్లో షిఫ్ట్ ఎఫ్10. సంకేతం వచ్చినప్పుడు కారణం కీబోర్డా మౌసా అని క్యూటీ చెబుతుంది. కీబోర్డయితే పాయింటర్ ఎక్కడున్నా సంబంధం లేదు, మెనూ సెలెక్ట్ అయిన వరుస కిందనే రావాలి. ఆ వరుస కంటికి కనపడకపోతే ముందు అక్కడికి స్క్రోల్ చేసి తర్వాత మెనూ తెరుస్తున్నాను.

పదమూడో రోజు

రాత్రి పదకొండింటికి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పరీక్ష చేస్తున్నాను. ఏడో వరుసలోని పీడీఎఫ్ మీద మెనూ తెరిచి ఉంచాను. ఆ సమయంలో వెనక ఒక డౌన్‌లోడ్ పూర్తయింది. తాత్కాలిక పేరు పోయి అసలు పేరు వచ్చింది. సార్టింగ్ మారి వరుసలన్నీ ఒకటి కిందికి దిగాయి. మెనూ మాత్రం ఉన్నచోటే ఉంది. 'పేరు మార్చు' నొక్కితే వేరే ఫైలు పేరు మార్చే పెట్టె తెరుచుకుంది.

ఎగ్జెక్ అని పిలిచి మెనూ తెరిస్తే మన ఫంక్షన్ అక్కడే ఆగుతుంది గానీ లోపల ఈవెంట్ లూప్, అంటే వచ్చే మార్పులను ఒక్కొక్కటిగా అందుకునే చక్రం, ఇంకొకటి నడుస్తూనే ఉంటుంది. ఫోల్డర్‌లో మార్పులు వస్తూనే ఉంటాయి. ముందే తీసి పెట్టుకున్న మోడల్ ఇండెక్స్ అంటే ఏడో వరుస అనే చీటీ మాత్రమే, ఆ వరుసలో ఉన్న ఫైలు కాదు. క్యూపర్సిస్టెంట్‌మోడల్‌ఇండెక్స్ వాడితే వరుసలు జరిగినప్పుడు అది కూడా ఫైలు వెంటే జరుగుతుంది. అయినా నేను ఇంకా తేలికైన దారి పట్టాను. మెనూ తెరిచే క్షణంలోనే పూర్తి పాత్‌ల (ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో చెప్పే చిరునామాల) జాబితా ఒకటి తయారుచేసి మెనూకి అప్పగిస్తాను. ఆ తర్వాత తెర మీద ఏం జరిగినా మెనూకి ఆ జాబితాయే లోకం. నొక్కినప్పుడు ఆ పాత్‌లో ఫైలు లేకపోతే లేదని చెబుతుంది.

మరి అదే పేరుతో వేరే ఫైలు వచ్చి కూర్చుంటే? ఐనోడ్ నంబరు (పేరుతో సంబంధం లేకుండా డిస్కు మీద ఫైలుకి ఉండే గుర్తింపు సంఖ్య) కూడా గుర్తుపెట్టుకుని పోల్చి చూశాను. రెండు గంటల్లోనే దాన్ని తీసేయాల్సి వచ్చింది. చాలా ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైలు రాసి పాతదాని పేరు మీదికి మారుస్తాయి. సేవ్ చేసిన ప్రతిసారీ ఐనోడ్ మారుతుంది. వాడేవాళ్లకు మాత్రం అది అదే ఫైలు. లేని ప్రమాదానికి పదేపదే హెచ్చరిక వస్తే నిజమైన హెచ్చరికను ఎవరూ చదవరు. పేరుకే కట్టుబడి, శాశ్వతంగా తొలగించే ముందు మాత్రం పూర్తి పేరు చూపించి అడుగుతున్నాను.

పదహారో రోజు

మెనూలో ఏముండాలి. విండోస్ 11 వచ్చినప్పుడు, 2021లో, మెనూను కుదించి మిగతావన్నీ 'మరిన్ని ఎంపికలు చూపించు' వెనక్కి నెట్టారు. కట్, కాపీ, డిలీట్ లాంటివి మాటలు పోయి పాయింటర్‌కు దగ్గరగా బొమ్మలయ్యాయి. చేతికి దగ్గరగా ఉండాలన్న ఆలోచన సరైనదే. కానీ రోజూ వాడేది ఇంకో క్లిక్ వెనక్కి పోతే చేతికి వెంటనే తెలిసిపోతుంది. నా మెనూలో పదమూడు వరుసలున్నాయి, ఒక్కటే సబ్‌మెనూ, అది 'దీనితో తెరువు'.

ఆ సబ్‌మెనూలో రెండు రకాల ఫైళ్లు కలిపి సెలెక్ట్ చేసినప్పుడు ఏ ప్రోగ్రామ్‌లు చూపించాలి? రెండిటినీ తెరవగలిగినవి మాత్రమే. ఒక ఫొటో, ఒక పీడీఎఫ్ కలిపితే రెండూ తెలిసిన వ్యూయర్లే మిగులుతాయి. ఏవీ మిగలకపోతే సబ్‌మెనూ మసకబారుతుంది గానీ మాయం కాదు. వరుసలు మాయమైతే కిందివి పైకి జరుగుతాయి. చూడకుండా నాలుగోదాన్ని నొక్కే అలవాటున్న చేయి ఇంకోదాన్ని నొక్కుతుంది.

చాలా ఫైళ్లకు ఒకేసారి 'తెరువు' అంటే? విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో 15 కంటే ఎక్కువ సెలెక్ట్ చేస్తే 'ఓపెన్' మెనూలో కనిపించదు. ఎందుకు కనిపించట్లేదో ఎక్కడా చెప్పదు కాబట్టి చాలామంది అది పాడైందనుకుంటారు. నేను వరుసను ఉంచి, సంఖ్య ఎక్కువైతే ఒకసారి అడుగుతున్నాను.

పేస్ట్ విషయంలో మాట ముఖ్యం. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి పేస్ట్ అంటే దాని లోపలికా, దాని పక్కనా? అందుకే ఫోల్డర్ మీద ఆ వరుస 'ఈ ఫోల్డర్ లోపలికి పేస్ట్' అని ఉంటుంది, ఖాళీ జాగాలో 'ఇక్కడ పేస్ట్'. ఫైలు మీదైతే ఆ వరుస మసకగానే ఉంటుంది.

చిన్న సంగతి ఒకటి: ప్రోగ్రామ్ పేరులో యాంపర్‌సాండ్ గుర్తు ఉంటే క్యూటీ దాన్ని మింగేసి, తర్వాతి అక్షరం కింద గీత గీస్తుంది. ఆ గుర్తును రెండుసార్లు రాస్తే ఒకసారి కనిపిస్తుంది. మెనూలో ఫైలు పేర్లు చూపించే ఆలోచన ఉంటే ఇది ముందే గుర్తుపెట్టుకోవాలి.

పంతొమ్మిదో రోజు

మన సొంత పనులు మెనూలో చేర్చుకునే వీలు. లినక్స్ ఫైల్ మేనేజర్లలో చూస్తే నాటిలస్‌లో స్క్రిప్ట్స్ ఫోల్డర్ ఉంది, నెమోలో యాక్షన్ ఫైళ్లు, డాల్ఫిన్‌లో సర్వీస్ మెనూలు, థునార్‌లో కస్టమ్ యాక్షన్స్. విండోస్‌లోనైతే షెల్ ఎక్స్‌టెన్షన్లు, అంటే వేరే ప్రోగ్రామ్‌లు మెనూకి తగిలించే కోడు ముక్కలు, ఎక్స్‌ప్లోరర్ లోపలే నడుస్తాయి. ఐకాంటెక్స్ట్‌మెనూ పద్ధతిలో మెనూ తెరిచిన ప్రతిసారీ, ఏమేం వరుసలు కలుపుతావని ప్రతి ఎక్స్‌టెన్షన్‌నూ అడగాలి. అందులో ఒక్కటి నెమ్మదిగా జవాబిచ్చినా మెనూ మొత్తం ఆగుతుంది. రైట్ క్లిక్ చేసి రెండు సెకన్లు గుండ్రంగా తిరిగే కర్సర్‌ను చూస్తూ కూర్చున్నవాళ్లకు ఆ బాధ తెలుసు.

నేను నెమో దారి పట్టాను. ప్రతి సొంత పనికీ ఒక చిన్న ఫైలు. పేరు చివర ఏ ఎక్స్‌టెన్షన్ (.pdf లాంటిది) ఉన్న ఫైళ్లకు, ఎన్ని ఫైళ్లకు, ఏ కమాండ్ అన్నది అందులో రాసి ఉంటుంది. మెనూ తెరిచేటప్పుడు ఈ షరతులను పోల్చి చూడటమే, ఎవరి కోడూ నడవదు. ఫైలు రకాన్ని కూడా పేరు చూసే నిర్ణయిస్తున్నాను, లోపల తెరిచి చూడటం లేదు. నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఫైలు తెరిచి చూడటమంటే ఎంతసేపు పడుతుందో చెప్పలేం.

కమాండ్‌కు పాత్‌లు ఎలా పంపాలన్నదీ ముఖ్యమే. నాటిలస్ స్క్రిప్టులకు సెలెక్ట్ అయిన పాత్‌లు ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానికి అందే ఒక విలువలో), లైనుకు ఒకటి చొప్పున వస్తాయి. లినక్స్‌లో ఫైలు పేరు మధ్యలో కొత్త లైను ఉన్నా చెల్లుతుంది. అలాంటి పేరు ఒక్కటి వచ్చినా ఒక ఫైలు రెండుగా చీలుతుంది. నేను ఒక్కో పాత్‌ను ఒక్కో ఆర్గ్యుమెంట్‌గా, మధ్యలో షెల్ (కమాండ్ లైను చదివి ముక్కలు చేసే ప్రోగ్రామ్) లేకుండా పంపుతున్నాను. ఎప్పుడూ పూర్తి పాత్ పంపుతాను, హైఫన్‌తో మొదలయ్యే పేరును కమాండ్ ఒక ఆప్షన్ అనుకోకుండా.

ఇరవై ఒకటో రోజు

గోడ మీది కాగితం చూస్తుంటే ఒక లోటు కనిపించింది. రెండో రోజు నియమాలన్నీ పెట్టాక కూడా ఒక సందర్భం మిగిలే ఉంది. పైన రెండు ఫైళ్లు సెలెక్ట్ చేశాను, కంట్రోల్ క్లిక్‌తో కింద మూడోదాన్నీ కలిపాను, తర్వాత దాని మీద రైట్ క్లిక్ చేశాను. నియమం ప్రకారం మెనూ మూడిటికీ వర్తిస్తుంది, అది సరైనదే. కానీ తెర మీద నీలంగా కనిపించేది ఒక్కటే.

అందుకని మెనూ పైన నొక్కడానికి వీల్లేని ఒక వరుస పెట్టాను. ఒక ఫైలైతే దాని పేరు. ఎక్కువైతే '3 ఫైళ్లు, 2 తెర బయట' అని. ఎన్ని తెర బయట ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం కాదు. సెలెక్ట్ అయిన ప్రతి వరుస దీర్ఘచతురస్రాన్నీ వ్యూపోర్ట్ దీర్ఘచతురస్రంతో పోల్చి, ఎక్కడా కలవనివి లెక్కిస్తే చాలు. పేరు పొడుగైతే మధ్యలో చుక్కలు పెట్టి కుదిస్తున్నాను, చివర కత్తిరిస్తే ఎక్స్‌టెన్షన్ కనపడదు. క్యూటీ మెనూలో యాడ్‌సెక్షన్ అని ఇందుకోసమే ఒకటుంది గానీ కొన్ని స్టైల్స్ దాని మాటను వదిలేసి ఉత్త గీత గీస్తాయి. మామూలు యాక్షన్‌నే డిజేబుల్ చేసి పెట్టాను.

ఇందులో అనుకోని మేలు ఒకటి జరిగింది. పాయింటర్‌కు అన్నిటికంటే దగ్గరగా వచ్చే వరుస ఇప్పుడు ఇదే. పాత పద్ధతి టిక్కు పెట్టుకున్నవాళ్ల వేలు జారినా అక్కడ వదిలితే ఏమీ జరగదు.

సాయంత్రం అక్క చేతికి ఇచ్చాను, ఏమీ చెప్పలేదు. తన ఫొటోల ఫోల్డర్‌లో అవసరం లేనివి ఏరుతోంది. ఒకచోట రైట్ క్లిక్ చేసి, ఆగి, మెనూ పై వరుస చదివింది. "ఇంకో నాలుగు ఎక్కడున్నాయిరా?" అంటూ ఎస్కేప్ కొట్టి పైకి స్క్రోల్ చేసింది. నాలుగూ కనిపించాయి. అందులో ఒకదాన్ని కంట్రోల్ క్లిక్‌తో సెలెక్షన్ నుంచి తీసేసి, మళ్లీ రైట్ క్లిక్ చేసి, ట్రాష్‌కు పంపింది.

మిగిలిన పని: తెర కింది అంచు దగ్గర రైట్ క్లిక్ చేస్తే మెనూ పైకి తెరుచుకుంటుంది. అప్పుడు పాయింటర్ పక్కన ఉండేది చివరి వరుస. ప్రస్తుతం అక్కడ 'శాశ్వతంగా తొలగించు' ఉంది. రేపు పొద్దున మొదట దాన్ని మధ్యకు జరిపి, చివర 'ప్రాపర్టీస్' పెట్టాలి.